దారిలో ఆగిన ఆదేశం

నేను కంట్రోల్ రూమ్ గుమ్మంలో అడుగు పెట్టేసరికి మా బావగారు సర్వర్ వెనక్కి వంగి తీగలు ఊడదీయబోతున్నారు.

“చెయ్యి తీయండి బావగారూ,” అన్నాను.

ఆయన తిరిగి చూడకుండానే, “వచ్చేశావా మరదలా. ఇంకా రాలేదేమిటా అనుకుంటున్నాను,” అన్నారు.

మా అక్క మొగుడే ఈ కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టరు. నేను ప్రైవేట్ డిటెక్టివ్‌ని. ఆయన దృష్టిలో నాది ఉద్యోగం కాదు, పనీపాటా లేని ఆడమనిషికి పట్టిన సరదా. నా దృష్టిలో ఆయనది దర్యాప్తు కాదు, ముందే అనుకున్న పేరుకి సాక్ష్యం వెతుక్కోవడం. ఇంట్లో భోజనాల దగ్గర ఈ సంగతి ఒకరి మీద ఒకరం నవ్వుతూనే చెప్పుకుంటాం. బయట మాత్రం నవ్వం.

“ఇది సాక్ష్యం. స్టేషన్‌కి పట్టుకెళ్తున్నా.”

“ఊడదీస్తే మీరు పట్టుకెళ్లేది ఖాళీ డబ్బా. కావాలంటే ఆయన్ని అడగండి.”

మూలన స్టూలు మీద ప్రోగ్రామర్ కూర్చుని ఉన్నాడు. నడుం నొప్పికి కట్టుకున్న బెల్టు, కళ్ల కింద నల్లటి చారలు. ఈ షెడ్డులో నడిచే ప్రోగ్రాములన్నీ ఒంటిచేత్తో రాసిన మనిషి. “అవునండీ,” అన్నాడు నీరసంగా. “ఈ డేటాబేస్ అంతా మెమరీలోనే ఉంటుంది. వేగం కావాలన్నారని డిస్కు మీద ఏమీ రాయించలేదు. కరెంటు తీస్తే నిన్నటిదీ ఇవాళ్టిదీ అన్నీ పోతాయి.”

బావగారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. తీసుకోవలసి వచ్చినందుకు నా మీద కోపం తెచ్చుకున్నారు.

“అయినా నాకు కావలసింది నిన్ననే ఫోటో తీసుకున్నాను. చదువు,” అంటూ ఫోను నా ముఖం ముందు పెట్టారు.

ఒకే ఒక్క వరుస. పరీక్ష గది, గ్యాస్ వదులు. పంపింది కంట్రోల్. నిన్న సాయంత్రం నాలుగూ పన్నెండు.

ఆ వరుసే ఒక మనిషి ప్రాణం తీసింది.

ఇది ఆపిల్ పండ్లు నిలవ చేసే షెడ్డు. గదుల్లోకి నైట్రోజన్ వదిలి ఆక్సిజన్‌ని బయటికి తోసేస్తారు. ఊపిరాడక పండు మగ్గడం మానేస్తుంది, నెలలు గడిచినా నిన్న కోసినట్టే ఉంటుంది. అదే గదిలోకి మనిషి వెళ్తే రెండు మూడు ఊపిరుల్లో కుప్పకూలిపోతాడు. వాసన తెలియదు, దగ్గు రాదు. పెద్ద గదులతో పాటు ఇక్కడ చిన్న పరీక్ష గది ఒకటుంది. నిన్న సాయంత్రం అందులో మామూలు గాలే ఉంది. పండ్ల నాణ్యత చూసే పెద్దాయన ఒక నమూనా పెట్టె తేవడానికి లోపలికి వెళ్లాడు. ఆయన లోపల ఉండగా గ్యాస్ వచ్చింది.

ఆయన మేనకోడలు ఈ కంట్రోల్ రూమ్‌లో ఆపరేటర్. ఆ అమ్మాయి పిలిచే పిలుపే అందరికీ అలవాటై షెడ్డు మొత్తానికి ఆయన మావయ్య అయిపోయాడు. గ్యాస్ వదిలిన సమయానికి ఈ గదిలో ఆ అమ్మాయి ఒక్కతే ఉంది. అంతకుముందు మావయ్యతో పెద్ద గొడవ కూడా పడింది. బావగారికి అంతకన్నా ఏం కావాలి? సాయంత్రానికల్లా ఆమెని కోర్టులో నిలబెట్టేస్తారు.

నన్ను పిలిపించింది ఆ అమ్మాయి తల్లి. నేను వచ్చేటప్పుడు గేటు దగ్గర బెంచీ మీద కూర్చుని ఉంది. “పోయినవాడు నా తమ్ముడు. చంపింది నా కూతురే అంటున్నారు. నేనిప్పుడు ఎవరి కోసం ఏడవాలమ్మా?” అని అడిగింది. ఆమె చెయ్యి ఒకసారి నొక్కి లోపలికి వచ్చేశాను. ఆ ప్రశ్న మాత్రం నా వెనకే మెట్లెక్కింది.

“అమ్మాయితో మాట్లాడాలి బావగారూ.”

“మాట్లాడుకో. నేను కాఫీ తాగి వచ్చేలోపు ముగించెయ్.”

కంట్రోల్ రూమ్ మేడ మీద ఉంది. దాని అద్దంలోంచి కింద షెడ్డంతా కనిపిస్తుంది. ఆ అమ్మాయిని పరీక్ష గది ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. పక్కన ఒక మహిళా కానిస్టేబుల్ కాపలా. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి.

“మావయ్యతో గొడవ పడ్డావట. క్యాంటీన్‌లో అందరూ విన్నారు.”

“పడ్డానండి.”

“ఏమన్నావు?”

“నోరు మూసుకోమన్నాను.” ఆమె పరీక్ష గది తలుపు వంక చూసింది. “పెద్ద గదుల తలుపుల రబ్బరు సీళ్లు పాడైపోయాయి. గాలి దూరి పండ్లన్నీ లోపల మెత్తబడ్డాయి. ఆ సంగతి చెబితే మేనేజర్ గారు ఏమన్నారంటే, పరీక్ష గదిలోవి చూపించి మొత్తం సరుకు అమ్మేద్దామన్నారు. నిన్న మీటింగ్‌కి వచ్చింది కొనేవాళ్లే. వాళ్ల ముందే నిజం చెప్పేస్తానని కూర్చున్నాడు మావయ్య. నీ ఉద్యోగంతో పాటు నాదీ పోతుంది, నీకెందుకొచ్చిన గొడవ, నోరు మూసుకో అన్నాను. అదే ఆఖరి మాట.”

“ఇదంతా ఇన్‌స్పెక్టర్ గారికి చెప్పావా?”

“చెప్పబోయాను. గొడవ పడ్డావా లేదా, అంతవరకే చెప్పమన్నారు.”

అచ్చం మా బావగారే. అడిగినదానికి మించి ఒక్క ముక్క ఎక్కువ చెప్పినా ఆయన చెవికెక్కదు.

“గ్యాస్ వచ్చినప్పుడు నువ్వేం చేస్తున్నావు?”

“అటు తిరిగి టీ పోసుకుంటున్నాను. ఇటు తిరిగేసరికి గది మీద దీపం ఎర్రగా ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. ఆపు నొక్కి కిందికి పరిగెత్తాను. ఆ తలుపు దానంతటదే మూసుకుపోతుందండి. నేనూ పడిపోతే చూసేవాళ్లు ఉండరని చెప్పు తీసి సందులో పెట్టాను. ఊపిరి బిగబట్టి మావయ్య కాళ్లు పట్టుకుని లాగాను.” చేతులు ఒడిలో పెట్టుకుని వాటినే చూసుకుంది. “ఆ టీ పోసుకోకపోతే బతికేవాడేమో.”

నేను తలుపు దగ్గర కూర్చుని చూశాను. గుమ్మం అడుగున స్టీలు అంచు మీద నీలం రబ్బరు అరిగి అంటుకుని ఉంది. ఆ అమ్మాయి కాళ్లకి నీలం చెప్పులే. కుడి చెప్పు పక్కన పంటిగాటులా లోతుగా నొక్కుకుపోయింది. చంపాలనుకున్న మనిషి తలుపు మూసుకుపోకుండా చెప్పు అడ్డం పెట్టదు. ఈ మాట బావగారితో అంటే, చంపాక భయమేసి ఉంటుందంటారు. ఆయన జవాబులు నాకు కంఠతా వచ్చు.

గది లోపలికి వెళ్లాను. చుట్టూ పండ్ల పెట్టెల అరలు. గోడలకీ పైకప్పుకీ స్టీలు రేకు తాపడం చేశారు. తలుపు నా వెనక మెల్లగా మూసుకుంది. ఎవరికో ఫోన్ చేద్దామని చూస్తే సిగ్నల్ లేదు. తలుపు తోస్తే తేలిగ్గానే తెరుచుకుంది. ఆయన పడి ఉన్న చోటు తలుపుకి మరీ దూరమేం కాదు. అక్కణ్నుంచి తలుపు దాకా అడుగులతో కొలిచాను.

“ఆయన చేతిలో ట్యాబ్ ఉందా?” అని బయటికొచ్చి అడిగాను.

“ఎప్పుడూ ఉంటుంది. పొట్ట కింద ఉండి, లాగినప్పుడు లోపలే ఉండిపోయింది. పోలీసులు అక్కడే ఇనప పెట్టెలో పెట్టి తీసుకెళ్లారు.”

అప్పుడే మేనేజర్ వచ్చాడు. మెత్తటి గొంతు, భుజాన తోలు సంచీ, అందరినీ ఓదార్చడానికి సిద్ధంగా ఉన్న ముఖం. ఆ అమ్మాయి తల నిమరబోతే ఆమె తల పక్కకి తిప్పుకుంది.

“నిన్న ఆయన్ని ఈ గదికి పంపిందెవరండీ?” అన్నాను.

“నేనేనమ్మా. కొనేవాళ్లకి చూపించడానికి నాలుగూ పదికి గదికెళ్లి ఓ పెట్టె పైకి తెమ్మన్నాను. తెలిస్తే పంపుతానా?”

“తర్వాత మీరెక్కడున్నారు?”

“లారీల యార్డులో లోడింగ్ చూసుకుని మీటింగ్‌కి వెళ్లాను. నాలుగూ పన్నెండుకి గదిలోకి అడుగు పెట్టాను. అందరికీ చేతులు కలుపుతున్నాను. నా చేతిలో ఏమీ లేదు.”

“మీ చేతిలో ఏముందని నేను అడగలేదే.”

ఆయన నవ్వాడు. “మీ బావగారు అడిగారు లెండి. చెప్పి చెప్పి అలవాటైపోయింది.”

“మీటింగ్‌కి ఆలస్యంగా వెళ్లినవాళ్లు నిమిషాలతో సహా గుర్తుపెట్టుకోవడం ఇదే చూస్తున్నాను. మీకూ ట్యాబ్ ఉందా?”

“సంచీలో ఉంటుంది. యార్డులో నెట్‌వర్క్ అందదు, షెడ్డులో తీసే తీరిక ఉండదు. ఉత్తి బరువు.”

ఆ మాట అప్పుడు నా బుర్రకెక్కలేదు. ఎక్కి ఉంటే ఆ తర్వాత అంత గండం వచ్చేది కాదు.

పైకి వెళ్లేసరికి బావగారు కాఫీ ముగించి ప్రోగ్రామర్‌ని కడిగేస్తున్నారు. “పేరు కంట్రోల్ అని ఉంది కదా. అంటే ఈ మిషనే కదా.”

ప్రోగ్రామర్ గోళ్లు చూసుకుంటున్నాడు. నేను స్టూలు జరుపుకుని ఆయన ఎదురుగా కూర్చున్నాను. “నాకు మొదట్నుంచీ చెప్పండి. ట్యాబ్ మీద బటన్ నొక్కితే ఏమవుతుంది?”

“ట్యాబ్‌లో ఉన్న అప్లికేషన్‌కి డేటాబేస్‌తో నేరుగా మాట్లాడటం రాదండీ. మధ్యలో క్లయింట్ లైబ్రరీ అని ఒకటుంటుంది. లైను కలిపేదీ మాట మోసేదీ అదే. మాట డేటాబేస్‌కి చేరితే, వాల్వు అక్కణ్నుంచి చదువుకుని తెరుచుకుంటుంది. ఆ లైబ్రరీ నేను రాసింది కాదు. దొరుకుతుంది, తెచ్చి పెట్టాను.”

“పేరు ఎవరు పెడతారు?”

“లైను కలిపేటప్పుడు మనమే చెప్పాలి.” గొంతు తగ్గించాడు. “ముందు ఈ మిషన్‌కి కంట్రోల్ అని రాశాను. తర్వాత మూడు ట్యాబ్‌లకి అదే కాపీ కొట్టాను. పేర్లు మారుద్దామనుకుంటూనే…”

“అంటే ఏ ట్యాబ్‌లో నొక్కినా కంట్రోల్ అనే పడుతుంది.”

ఆయన తలూపాడు. బావగారి ముఖం మాడింది. “ఈ సంగతి నిన్న ఏమైంది?” అని అరిచారు.

“నిన్న నన్ను ఎవరూ అడగలేదండీ.”

సరిగ్గా అప్పుడు ఒక కానిస్టేబుల్ ఇనప పెట్టెతో లోపలికి వచ్చి అందులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. మావయ్య ట్యాబ్ అది. సంతకం కోసం స్టేషన్ నుంచి తెచ్చాడు. నిన్నటి నుంచీ పెట్టెలోనే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు, ఆపనూ లేదు. కవరు బల్ల మీద పెట్టాడో లేదో సర్వర్ స్క్రీన్ మీద కొత్త వరుసలు పుట్టుకొచ్చాయి.

పరీక్ష గది, గ్యాస్ ఆపు. పంపింది కంట్రోల్.

దాని కింద అదే. దాని కింద మళ్లీ అదే. ఎవరి వేలూ ఎక్కడా కదల్లేదు. అద్దంలోంచి చూస్తే ఆ అమ్మాయి కింద కుర్చీలోనే ఉంది, చేతులు ఒడిలో ఉన్నాయి.

“తొమ్మిది,” అన్నారు బావగారు. తనకి తెలియకుండానే పైకి లెక్కపెట్టేశారు.

ప్రోగ్రామర్ లేచి నిలబడ్డాడు. కవరు వంక చూస్తూ, “అవి ఆయనవి,” అన్నాడు. “నిన్నటివి.”

స్టీలు గదిలో సిగ్నల్ లేదు, ఇనప పెట్టెలోనూ లేదు. గ్యాస్ బుసకొట్టడం విని ఆయన తలుపు వైపు పరిగెత్తకుండా చేతిలో ఉన్న బటన్ నొక్కాడు. గ్యాస్ ఆపడానికి ఇన్నేళ్లుగా ఆ చేతికి తెలిసిన దారి అదొక్కటే. మాట గది దాటలేదు. మళ్లీ నొక్కాడు. స్పృహ ఉన్నంతసేపూ నొక్కుతూనే ఉన్నాడు.

“లైను తెగితే లైబ్రరీ మాటని పారేయదండీ,” అన్నాడు ప్రోగ్రామర్. “తన దగ్గర దాచుకుంటుంది. లైను కలవగానే వరసగా అప్పజెబుతుంది. దాచుకోవద్దని చెప్పే వీలుంది. నేను చెప్పలేదు. పనికొచ్చే సదుపాయమే కదా అనుకున్నాను.”

“ఎప్పుడు నొక్కారో ఉంటుందా?”

“ఉండదు. డేటాబేస్ తనకి అందిన టైమే వేసుకుంటుంది.”

నేను బావగారి వైపు తిరిగాను. “చూశారుగా. నాలుగూ పన్నెండు అందిన సమయం. నొక్కిన సమయం కాదు. పేరు అందరిదీ ఒకటే. మీ ఫోటోలో ఇంకేం మిగిలింది?”

ఆయన అంత తేలిగ్గా లొంగే రకమైతే మా అక్క ఇరవై ఏళ్లుగా ఎందుకు పోట్లాడుతుంది? “పేరు అందరిదైతే ఆ అమ్మాయిదీ అదే కదా,” అన్నారు. “ఈయన మాట ఆగితే అందరి మాటా ఆగినట్టేనా? చెప్పు అడ్డం పెట్టానంటోంది. ఆ తలుపు దానంతటదే మూసుకుంటుందో లేదో, ఒక్కతే అంత మనిషిని లాగగలదో లేదో ఇప్పుడే చేయించి చూస్తాను. మేనేజర్ గారు కూడా అదే అన్నారు, జరిగింది జరిగినట్టు చేయించండి సార్ అని. అబద్ధమని తేలితే ఇంక నీ మాట వినేది లేదు.”

గట్టిగా అడుగులేసుకుంటూ దిగిపోయారు. కానిస్టేబుల్ కవరుని మళ్లీ ఇనప పెట్టెలో పెట్టుకుని ఆయన వెనకే వెళ్లాడు.

నేను ప్రోగ్రామర్ని వదల్లేదు. “మాటలు ఆగి వస్తాయన్న సంగతి ఇంకెవరికి తెలుసు?”

“మేనేజర్ గారికి. క్రితం నెల యార్డులో నొక్కినది ఆయన షట్టర్ దాటి లోపలికొచ్చాక పనిచేసిందట. ఆయనే ఫిర్యాదు చేశారు. సర్దుతానన్నాను.”

మేనేజర్ కింద అన్న మాట ఇప్పుడు బుర్రకెక్కింది. యార్డులో నెట్‌వర్క్ అందదు. ఉత్తి బరువు. “ఏ ట్యాబ్ ఎప్పుడు లైను కలిపిందో చూడొచ్చా?”

“చూడొచ్చు. ప్రతి లైనుకీ వయసు ఉంటుంది. కలిసిన దగ్గర్నుంచీ లెక్క. పేర్లు ఒకటే అయినా నెట్‌వర్క్ నంబర్లు వేరు, అవి నాకు తెలుసు.” ఏదో టైపు చేశాడు. స్క్రీన్ మీద వరసలు వచ్చాయి, క్షణక్షణానికీ మారుతున్నాయి. “ఇది ఈ మిషన్, కలిసి తొమ్మిది రోజులైంది. ఇది గ్యాస్ మెకానిక్‌ది, ఇవాళ పొద్దుటిది. ఇది మేనేజర్ గారిది…” వేలితో లెక్కేసి ఆగిపోయాడు. “నిన్న సాయంత్రం. నాలుగూ పన్నెండు. ఆయన రాత్రంతా షెడ్డులోనే ఉన్నారు, అప్పట్నుంచీ తెగలేదు.”

లైను కలవడం, ఆదేశం రావడం ఒకే క్షణంలో. యార్డులో నొక్కి, సంచీ భుజాన వేసుకుని, నెట్‌వర్క్‌లోకి నడిచి వచ్చి, అందరికీ చేతులు కలిపాడు. ఆ అమ్మాయి లైను తొమ్మిది రోజులుగా తెగనే లేదు. ఆమె నొక్కితే అప్పటికప్పుడే పడేది. ఆమె బతుకుని కాపాడే వరుస నా కళ్ల ముందే ఉంది.

“ఉండండి, ఫోటో తీసుకుంటాను,” అని ఫోను పైకెత్తాను.

స్క్రీన్ మీద రెండే వరసలు ఉన్నాయి.

“ఏమైంది?”

“ఆయన నెట్‌వర్క్ దాటి వెళ్లారు. యార్డుకి వెళ్లి ఉంటారు. పర్లేదండీ, పాత లైన్ల జాడ మెమరీలో ఇంకా ఉంటుంది. అరగంట ఇస్తే వెతికి తీస్తాను. ఆయన బయటుంటే ఏమీ చేయలేరు కూడా.”

బయటుండే కదా నిన్న చేసింది.

అద్దం దగ్గరికి పరిగెత్తాను. కింద బావగారు ఆ అమ్మాయికి ఏదో చూపిస్తున్నారు. ఆమె చెప్పులు బయటే విడిచి, తలుపు లాగి, పరీక్ష గదిలోకి వెళ్లింది. తలుపు ఆమె వెనక మెల్లగా మూసుకుంటోంది. షెడ్డు చివర షట్టర్ అవతల, యార్డు వెలుతురులో మేనేజర్ తాపీగా నడిచి వస్తున్నాడు. సంచీ భుజానికి వేలాడుతోంది. రెండు చేతులూ ఖాళీ.

అర్థమైంది. అదే గది, అదే వాల్వు, మళ్లీ దానంతటదే తెరుచుకుంటుంది. ఆ సమయానికి ఆయన ఇన్‌స్పెక్టర్ పక్కనే నిలబడి ఉంటాడు. హత్య అన్న మాటే చెరిగిపోతుంది. మిషన్‌కి పిచ్చెక్కిందంటారు, ప్రోగ్రామర్ జైలుకి వెళ్తాడు. పండ్ల సంగతి తెలిసి ఎదురు చెప్పగలిగిన ఆ అమ్మాయి కూడా మిగలదు.

“నెట్‌వర్క్ ఎక్కణ్నుంచి అందుతుంది?”

“షట్టర్ దాటగానే.”

అద్దం మీద పిడికిళ్లతో బాదాను. కింద యంత్రాల రొదలో ఎవరూ తలెత్తలేదు. బావగారికి ఫోన్ చేశాను. జేబులోంచి తీసి, నా పేరు చూసి, కట్ చేసేశారు. ఏ రోజూ నా ఫోన్ ఎత్తిన పాపాన పోలేదు, ఇవాళ ఎత్తుతారా?

ప్రోగ్రామర్ ఏదో టైపు చేయడం మొదలుపెట్టాడు. కంగారులో తప్పు పడింది, మళ్లీ మొదలుపెట్టాడు. మేనేజర్ షట్టర్ దగ్గరికి వచ్చేశాడు.

నేను సర్వర్ వెనక్కి వంగి చేతికి అందిన తీగలన్నీ గుప్పెడు పట్టి లాగేశాను.

స్క్రీన్ చీకటైంది. గదిలో ఫ్యాన్ల హోరు ఆగిపోయింది. అద్దంలోంచి చూశాను. మేనేజర్ షట్టర్ దాటి వచ్చి బావగారి పక్కన నిలబడ్డాడు. పరీక్ష గది మీద దీపం ఆకుపచ్చగానే ఉంది. కాసేపటికి తలుపు తెరుచుకుని ఆ అమ్మాయి బయటికి వచ్చింది. తీగలు ఇంకా నా గుప్పిట్లోనే ఉన్నాయి.

“నెట్‌వర్క్ తీగ ఒక్కటి లాగితే సరిపోయేది కదండీ,” అన్నాడు ప్రోగ్రామర్ ఏడుపు గొంతుతో.

“ఏ తీగ దేనిదో నాకేం తెలుసు?”

బావగారూ మేనేజరూ కానిస్టేబులూ పైకి వచ్చారు. బావగారు నల్లబడ్డ స్క్రీన్ చూశారు, నా చేతిలోని తీగలు చూశారు. “పొద్దుట నన్ను ఆపిందెవరు?” అన్నారు. గొంతులో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువుంది. “ఆ అమ్మాయి తరఫున వచ్చి ఉన్న సాక్ష్యమంతా నువ్వే మసి చేశావు. ఇప్పుడు మిగిలింది నా ఫోటో ఒక్కటే.”

మేనేజర్ నా వంక జాలిగా చూశాడు. “పాపం, కంగారు పడ్డట్టున్నారు.”

“సాక్ష్యం పోలేదు బావగారూ. మెట్లెక్కి పైకొచ్చింది,” అన్నాను. “ఇరవై ఏళ్లలో మిమ్మల్ని ఏదీ అడగలేదు. ఒక్కటి చేయండి. మెకానిక్‌తో గ్యాస్ ట్యాంకు చేతి కుళాయి మూయించండి. పరీక్ష గదిలోనూ దాని చుట్టుపక్కలా మనిషి ఉండకూడదు. మేనేజర్ గారి సంచీ ఇలా బల్ల మీద పెట్టించండి. ఆయన చేతులు ఆయన దగ్గరే ఉంచుకోవచ్చు.”

మేనేజర్ నవ్వు సగంలో ఆగింది. “నాకు యార్డులో పనుంది సార్.”

“ఒక్క నిమిషం ఉండండి సార్. ఈవిడ ముచ్చట కూడా తీరిపోనిద్దాం,” అన్నారు బావగారు. నేను తప్పని రుజువు చేసే అవకాశం వస్తే ఆయన వదులుకోరు. నేను నమ్ముకున్నదీ అదే.

సంచీ బల్ల మీదకి వచ్చింది. మేనేజర్ చెయ్యి దాని మీదే ఉండిపోతే బావగారు ఆ చేతిని తీసి పక్కన పెట్టారు. కుళాయి మూసేశామని కిందనుంచి కేక వినిపించింది. ప్రోగ్రామర్ తీగలన్నీ తగిలించాడు. సర్వర్ ఏ జ్ఞాపకమూ లేకుండా మేలుకుంది. లైన్ల పట్టిక తెరిచి పెట్టాడు.

మొదట ఈ మిషన్ వచ్చింది. తర్వాత మెకానిక్ ట్యాబ్. తర్వాత మూడో వరుస.

“అది ఆయన నంబరే,” అన్నాడు ప్రోగ్రామర్.

వయసు సున్నా.

దాని వెంటనే ఆదేశాల స్క్రీన్ మీద ఒక వరుస పడింది. పరీక్ష గది, గ్యాస్ వదులు. కింద వాల్వు టక్కుమంది. గది మీద దీపం ఎర్రగా మారింది. మేనేజర్ రెండు చేతులూ అందరి కళ్ల ముందే ఖాళీగా వేలాడుతున్నాయి.

బావగారు ఆ ఎర్ర దీపం వైపు చాలాసేపు చూశారు. కాసేపటి క్రితం ఆ గదిలోకి ఆ అమ్మాయిని పంపింది తనే. ఆ సంగతి ఆయన ముఖంలోకి మెల్లగా దిగడం నేను చూశాను. మేనేజర్ మణికట్టు పట్టుకుని కానిస్టేబుల్‌కి అప్పగించారు.

మేనేజర్‌ని కిందికి తీసుకెళ్లాక ఆ అమ్మాయి గుమ్మంలోకి వచ్చింది. వెనక మెట్ల మీద తల్లి ఉంది. “మావయ్య ఆపు నొక్కాడట కదా. కానిస్టేబుల్ చెప్పాడు. ఎన్నిసార్లు నొక్కాడు?”

ప్రోగ్రామర్ తలదించుకున్నాడు. సర్వర్‌లో ఆ వరసలు ఇప్పుడు లేవు. నేను లాగేసిన తీగలతో పాటే పోయాయి. ఆ లెక్క ఈ గదిలో ఉన్న మనుషుల తలల్లో తప్ప ఇంకెక్కడా లేదు.

“ఒక్కసారే,” అన్నాను. “వెంటనే స్పృహ పోయి ఉంటుంది.”

ఆమె నమ్మలేదు. నా ముఖం వదిలేసి, తనని నేరస్తురాలన్న ఇన్‌స్పెక్టర్ వైపు చూసింది. సాక్ష్యం లేనిదే ఒక్క మాట కూడా ఒప్పుకోని మనిషి ఆయన.

“ఒక్కసారేనమ్మా. పక్కనే ఉండి నేను చూశాను,” అన్నారు మా బావగారు.